తాళంచెవి అక్క దగ్గరుంది

కాపలా ఆయన చొక్కాకి పొట్ట దగ్గర గుండీ ఒకటి ఊడిపోవడానికి సిద్ధంగా దారం మీద వేలాడుతోంది, టైలరమ్మ కళ్ళు దాని మీద ఉన్నాయి, నా కళ్ళు టైలరమ్మ మీద ఉన్నాయి, కాపలా ఆయన కళ్ళు మా ఇద్దరి మీదా ఉన్నాయి. మేం మాట్లాడుకోకూడదు. వరండాలో ఆ బెంచీ మీద ఆమె, ఈ బెంచీ మీద నేను, మధ్యలో కుర్చీ వేసుకుని ఆయన. లోపల ఆఫీసరు ముందు ఆమెను పిలిచి అడుగుతాడు, తర్వాత నన్ను పిలిచి అడుగుతాడు, ఇద్దరి మాటా కలిస్తే ఆమె, ఆమె కూతురు ఈ దేశంలో ఉండిపోతారు, కలవకపోతే ఏ ఊరి నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చారో ఆ ఊరికే తిప్పి పంపేస్తారు. ఇందులో అర్థం కానిదేం లేదు. అర్థం కానిదల్లా ఒక్కటే, ఆ రోజు ఊరి మీద పడి ఇళ్ళు తగలబెడుతుంటే ఆమె ఎక్కడ దాక్కుంది? మెట్ల కిందా, నీళ్ళ తొట్టిలోనా, పిండి బస్తాల వెనకా? నాకు చెప్పింది. నా ఎదురుగా కూర్చుని, నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని చెప్పింది. నేను విన్నాను, ఏడవకుండా విన్నాను, ఏడవకూడదని మాకు నేర్పిస్తారు. ఇప్పుడు చూస్తే గుర్తు లేదు. కాదు, గుర్తు లేకపోవడమేమిటి, మూడూ గుర్తున్నాయి, అదే నా ఖర్మ.

మా పనేమిటో మా అత్తగారికి ఇప్పటికీ అర్థం కాదు. "రోజంతా కూర్చుని వింటుందట, దానికి జీతమట" అని చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. నిజమే అత్తయ్యా, మనసు చెదిరి వచ్చినవాళ్ళ గోడు కూర్చుని వింటాం. చిన్న గది, కిటికీకి ఆకుపచ్చ కర్టెను, పారిపోయి వచ్చిన మనిషికో కుర్చీ, నాకో కుర్చీ, దుబాసీ పిల్లకో కుర్చీ. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు, మధ్యలో ఈ పిల్ల అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేస్తుంది. ఆ పిల్ల "ఆవిడ దాక్కుందట" అనదు. అలా అనకూడదు, అది వాళ్ళ వృత్తి పద్ధతి. "నేను దాక్కున్నాను" అంటుంది. "నేను బిడ్డ నోరు మూశాను" అంటుంది. టైలరమ్మ బతుకంతా నేను ఆ పిల్ల గొంతులోనే విన్నాను. అదే ఊరి బళ్ళో పాఠాలు చెప్పుకున్న పంతులమ్మ బతుకూ ఆ గొంతులోనే విన్నాను, అదే ఊరి బేకరీలో పనిచేసిన ఆవిడదీ ఆ గొంతులోనే. ముగ్గురూ ఒకే మంటల్లోంచి బయటపడ్డారు, ముగ్గురి ఒళ్ళోనూ పసిబిడ్డలున్నారు, ముగ్గురూ బిడ్డ చప్పుడు బయటికి వినబడకుండా అరచెయ్యి నోటికి అదిమిపెట్టారు. ముగ్గురికీ కలిపి నా చెవిలో ఒకే గొంతు, ఒకే 'నేను'. పోనీ రాసుకున్నానా అంటే, మేం రాసుకోం. రాస్తే ఆ కాగితాన్ని రేపు ఇదే ఆఫీసు తెప్పించుకుని, అక్కడ అలా అన్నావు ఇక్కడ ఇలా అన్నావు అని మనిషిని ఉతికి ఆరేస్తుంది. అందుకే మా పెద్ద మేడం నేను చేరిన రోజే చెప్పింది, "పెన్ను బ్యాగులో పెట్టమ్మా, చెవులు బయట పెట్టు" అని. బయటే పెట్టాను మేడం, అవి నిండిపోయి పొర్లుతున్నాయి, ఇప్పుడేం చెయ్యమంటారు?

నిన్న సాయంత్రం దాకా నాకు ఏ అనుమానమూ లేదు, అదే విచిత్రం. కూరలో ఉప్పు వేస్తుంటే వకీలు ఫోన్ చేశాడు. "మేడం, వాళ్ళ పట్టంతా ఒక్క దాని మీదే. ఆమె ఆ రోజు అసలు ఊళ్ళోనే లేదు, ఎవరి కథో వల్లించి చెబుతోంది అంటున్నారు. ఎక్కడ దాక్కుందో మీరు చెప్పండి చాలు. సరిహద్దు దాటినప్పుడు ఆమె చెప్పిన మాట వాళ్ళ దగ్గరుంది. మీ మాట దానితో కలవాలి." అక్కడేం చెప్పిందండీ అంటే, "అది నేను మీకు చెప్పకూడదు, మీరు ఆమెను అడగకూడదు, అడిగారా అని లోపల ఒట్టు వేయించి మరీ అడుగుతారు" అన్నాడు. "దానికేం భాగ్యం, నాకు నిన్న విన్నట్టుంది" అని గొప్పగా చెప్పి పెట్టేశాను. పెట్టేసి, ఉప్పు డబ్బా మూత పెడుతూ ఊరికే ఒకసారి నాలో నేను చెప్పుకుందామని నోరు తెరిచాను. నేను మెట్ల కింద దాక్కున్నాను. నేను నీళ్ళ తొట్టిలో మెడ దాకా. నేను పిండి బస్తాల వెనక, ముక్కులో పిండి. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను, మా ఆయన ఒక ముద్ద తిని మంచినీళ్ళ కోసం లేచాడు.

దుబాసీ పిల్లకు వెంటనే ఫోన్ చేశాను. అటు వైపు టీవీ మోగుతోంది, ఎవరో నవ్వుతున్నారు. "నన్నడక్కక్కా, నాకేం ఉండదు" అంది. "ఇటు విని అటు చెప్పేస్తాను, చెప్పిన మరుక్షణం పోతుంది. ఉంచుకుంటే నేను బతకాలా వద్దా చెప్పు?" నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఆ పిల్ల మీద బోలెడు అసూయ కూడా పుట్టింది. పంతులమ్మ వేరే దేశం వెళ్ళిపోయి నంబరు మార్చేసింది. బేకరీ ఆవిడకు మా భాష నాలుగు ముక్కలు వచ్చు, పొద్దున బస్సులోంచి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. పక్క సీటులో పెద్దాయన ఒకరు "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగాడు, నా మొహం అలా ఉంది కాబోలు. ఇంకా లేదండీ అన్నాను, ఆయన కంగారుపడి కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాడు.

టైలరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. కాలరు మడత కింద నుంచి దారం ఎక్కించి ఉన్న సూది తీసింది, కాపలా ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "సూది లోపలికి ఎలా తెచ్చావమ్మా? ఇలాంటివి తేకూడదు!" ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గుండీ వైపు వేలు చూపించింది, సూది చూపించింది, మా పిల్లకు అన్నం పెట్టేటప్పుడు నేను పెట్టే మొహం పెట్టింది. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, పొట్ట లోపలికి లాక్కుని కుదురుగా నిలబడ్డాడు. ఎంత గబగబా కుట్టిందని! చొక్కా ఆయన ఒంటి మీద ఉండగానే సూది లోపలికి బయటికి దించి, గుండీ కింద దారం చుట్టి ముడేసి, వంగి పళ్ళతో తెంపేసింది. ఆయన సిగ్గుతో ఎర్రబడి "థాంక్సమ్మా" అన్నాడు, నాకు నవ్వొచ్చింది, ఆమె నా వైపు తిరిగి తనూ నవ్వింది. ఆ నవ్వే నాకు కొరుకుడు పడటం లేదు. వణుకుతున్న మనిషి నవ్వు కాదు, ధైర్యం తెచ్చిపెట్టుకున్న నవ్వూ కాదు, ఇంటికి తాళం వేసి, వేశానో లేదో ఒకసారి లాగి చూసుకుని పెళ్ళికి బయల్దేరిన మనిషిలా నిశ్చింతగా ఉంది. చావో బతుకో తేలేది ఆమెకి, అరచేతుల్లో చెమటలు నాకు. ఏమిటమ్మా నీ ధీమా? ఎవర్ని చూసుకుని? లోపల నుంచి పిలిచారు. లేచి, లంగా దులుపుకుని, సూది మళ్ళీ కాలరులో గుచ్చుకుని వెళ్ళింది. తలుపు మూసుకుంది.

జలుబు. అవును, జలుబు! నీళ్ళ తొట్టి సంగతి విన్నప్పుడు దుబాసీ పిల్లకు జలుబు, గొంతు బొంగురుపోయి ఉంది, మధ్యలో ముక్కు చీదుకుంటూ "క్షమించండి, ఈ చీదడం నాది, ఆవిడది కాదు" అంది, ముగ్గురం నవ్వాం. ఆ పిల్లకు జలుబు ఎప్పుడు చేసింది? చలికాలంలో. చలికాలంలో మా దగ్గరికి వచ్చిందెవరు? టైలరమ్మ. కాబట్టి నీళ్ళ తొట్టి టైలరమ్మది. హమ్మయ్య. కాదు, ఆగు, ఆ పిల్లకు వానలు మొదలైనా జలుబే, ఎండలో ఐస్‌క్రీం తిన్నా జలుబే. పైగా ఆ రోజు ఎదురుగా కూర్చున్న మనిషి కాళ్ళకు నల్ల బూట్లున్నాయి, పంతులమ్మవి నల్ల బూట్లు. మేం పంచిపెట్టినవే కదా, అందరివీ నల్ల బూట్లే. దేవుడా. పిండి బస్తాలు బేకరీ ఆవిడవే అనుకుందామంటే, ఆ ఊళ్ళో ఇంటింటా పిండి బస్తాలేనని ముగ్గురూ చెప్పారు. పోనీ ఇంకోలా చూద్దాం, మా ఆఫీసు వంటగదిలో పంపు సరిగ్గా కట్టకపోతే లేచి వెళ్ళి బిగించి వచ్చేదెవరు? నీళ్ళ చప్పుడు పడని మనిషి ఎవరు? టైలరమ్మే, నాకు బాగా గుర్తు, సందేహమే లేదు, మణికట్టు తిప్పి బిగిస్తుంది. అలా బిగించేది ఇప్పుడు నేను. మా ఇంట్లో. మొన్న మా ఆయన పంపు విప్పలేక పక్కింటాయన దగ్గర పట్టకారు అడిగి తెచ్చాడు, "ఏమే, పంపు మీద నీకేంటి పగ?" అన్నాడు. నేను ఆమెను చూసి నేర్చుకున్నానా, నన్ను నేనే చూసి ఆమె అనుకుంటున్నానా?

ఇది నాలోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. మాది కింది వాటా, మా ఇంట్లో మెట్లే లేవు, అయినా వంటింట్లో అల్మరా దగ్గర తల వంచుకుని నడుస్తున్నాను, పైన మెట్లున్నట్టు. "ఏ ఇంట్లో తిరుగుతున్నావు నువ్వు?" అంటాడు మా ఆయన, వేళాకోళంగానే అంటాడు, కానీ ఈ మధ్య అనేసి నా వైపు కాస్త ఎక్కువసేపు చూస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం బుజ్జిది నా పక్కన పడుకుని దగ్గింది. మామూలు దగ్గే, పొద్దున్నే మందు కూడా పోశాను. నా చెయ్యి లేచి దాని నోటి మీద పడింది. నేను వెయ్యలేదు, అదే పడింది. బయట సందులో ఎవరిదో బండి ఆగిన చప్పుడు, నేను ఊపిరి బిగబట్టి ఆ బండి వెళ్ళిపోవాలి వెళ్ళిపోవాలి అనుకుంటున్నాను, నా వేళ్ళ కింద దాని ముక్కు వెచ్చగా ఉంది. అది కళ్ళు తెరిచింది. భయపడుతుందనుకున్నాను. ఆట అనుకుని కిలకిల నవ్వి, తన చిన్న చెయ్యి తెచ్చి నా నోటి మీద పెట్టింది. అలా ఇద్దరం ఒకరి నోరు ఒకరం మూసుకుని పడుకున్నాం. చెయ్యి తీశాక దాని బుగ్గ మీద నా వేళ్ళ అచ్చు చాలాసేపు ఉంది, నాకు భయం వేసింది, చెప్పలేనంత భయం. దీని గురించి మా పెద్ద మేడంతో చెప్పాలి. చెబితే, నువ్వు కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా అంటుంది. నేనింట్లో ఉంటే టైలరమ్మకు ఎవరున్నారు?

బ్యాగులో తాళాల గుత్తి చేతికి తగిలింది. ఇంటి తాళంచెవి, ఆఫీసు తాళంచెవి, ఇదిగో ఈ పొట్టిది మా గదిలో బీరువాది. ఖాళీ బీరువా అది, లోపల ఒక్క చీటీ ముక్క కూడా ఉండదు. వాళ్ళు మాట్లాడడం అయిపోయాక అలాగే రోడ్డు మీదికి పంపలేం, బరువంతా మోసుకుని బస్సెక్కి పోతారు, రాత్రంతా నిద్రపోరు. అందుకని లేచి వెళ్ళేముందు బీరువా తలుపు తెరిచి, "ఇవాళ చెప్పినదంతా ఇందులో పెట్టెయ్. నువ్వు మొయ్యక్కర్లేదు. నేను తాళం వేసుకుంటాను, నా దగ్గర భద్రంగా ఉంటుంది" అంటాం. పిల్లలాటలా ఉంటుంది కానీ పనిచేస్తుంది. టైలరమ్మ మొదట్లో నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత తర్వాత తనే లేచి, రెండు చేతులతో ఏదో గుడ్డల మూట ఎత్తి పెట్టినట్టు లోపల పెట్టి, తలుపు మూసి, తాళం తిప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టేది. పెట్టి "అక్క" అనేది, మా భాషలో ఆమె నేర్చుకున్న మొదటి మాట అదే. ఈ మధ్య కడుపునిండా తింటోందని, నిద్రపోతోందని, కుట్టుపని కూడా ఒప్పుకుంటోందని మా మీటింగులో గొప్పగా చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ చిన్నగా ఒక గర్వం లాంటిది కలిగింది.

తలుపు తెరుచుకుని వకీలు ఒక్కడూ బయటికొచ్చాడు, మొహం చూస్తే మాట్లాడించబుద్ధి కాలేదు. కాపలా ఆయన తన గుండీ తడుముకుంటున్నాడు. "ఏమైందండీ?" అని వకీలును అడిగాను. "ఏం చెప్పకూడదు" అన్నాడు, చెప్పకూడదంటూనే నా దగ్గరగా వచ్చి, "తడబడకండి, అంతే. ఏది చెప్పినా గట్టిగా చెప్పండి" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. గట్టిగా చెప్పాలట. మెట్ల కింద! అని గట్టిగా చెప్పనా? మూడింట్లో ఒకటి తగులుతుంది, తగిలితే ఆమె కూతురు ఇక్కడే బడికి పోతుంది, తగలకపోతే నా గట్టి మాటే ఆమె మెడకు ఉరితాడు. ఎవరికి గుర్తుంటాయయ్యా ఇవన్నీ? నా పెళ్ళినాడు నేనేం రంగు చీర కట్టుకున్నానో అడుగు, చెప్పలేను. ఎర్రదో, గులాబీదో. అలాంటిది ఒక మనిషి ప్రాణాలు ఉగ్గబట్టి దాక్కున్న చోటు మాత్రం ముగ్గురి నోళ్ళలోంచి ఒకేలా రావాలి, ఆమె నోట్లోంచి, సరిహద్దులో వాడెవడి కాగితంలోంచి, నా నోట్లోంచి. పోనీలే, ఒకందుకు నయం, ఆమె లోపలే ఉందిగా. ఆమె చెప్పేసి ఉంటుంది. సరిహద్దులో చెప్పిందే చెప్పి ఉంటుంది, తన బతుకు తనకు తెలియదా? ఆ రెండూ కలిసిపోతే నా మాట పెద్దగా పట్టించుకోరు. నేను తడబడినా పుట్టేం మునగదు. ఎందుకింత సేపు అల్లాడిపోయానా అని నవ్వు కూడా వచ్చింది. నన్ను పిలిచారు.

గది నేననుకున్నంత పెద్దది కాదు. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, చెడ్డవాడిలా లేడు, అలసిపోయి ఉన్నాడు. టైలరమ్మ పక్కన ప్రభుత్వం వాళ్ళ దుబాసీ, గుబురు మీసాలాయన, ముందు ఒక గ్లాసు నీళ్ళు. ఏ మాటైనా వినగానే ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని అప్పుడు చెబుతున్నాడు. కూర్చోమన్నారు, ఒట్టు వేయించారు, ఆమెతో ఈ విషయం మాట్లాడానా అని అడిగారు, లేదన్నాను. ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆ రోజు ఆమె ఎక్కడ దాక్కుందో మేం ఆమెను అడిగాం. ఆమె ఇచ్చిన జవాబు మీకు ఒకసారి వినిపిస్తాను" అని దుబాసీ వైపు తల ఊపాడు. మీసాలాయన ఒక గుక్క తాగాడు. టైలరమ్మ మాట ఆ బొంగురు మగ గొంతులోంచి వచ్చింది.

"అది ఇప్పుడు నా దగ్గర లేదు. నేను మొయ్యక్కర్లేదని అక్క చెప్పింది, అందుకని అక్క దగ్గర పెట్టాను. తాళంచెవి అక్క దగ్గరుంది. ఆమె చెబుతుంది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వకీలు బల్ల వైపు చూస్తున్నాడు. టైలరమ్మ నన్ను చూసి నవ్వింది, వరండాలో నవ్విన నవ్వే, ఇప్పుడు తెలిసింది ఎవర్ని చూసుకుని అంత ధీమానో. "చెప్పండి" అన్నాడు ఆఫీసరు. బ్యాగులో నా వేళ్ళు ఆ పొట్టి తాళంచెవిని నలిపేస్తున్నాయి. నేను మెట్ల కింద. నేను నీళ్ళలో. నేను పిండిలో. ఏది తల్లీ నీది, కాస్త కంటితో చూపించు, నీళ్ళయితే ఒకసారి రెప్ప వెయ్యి. ఆమె రెప్ప వెయ్యలేదు. ఎందుకు వేస్తుంది, ఆమె తలలో అది లేదుగా, నేనే కదా తీయించాను.

"ఉంది సార్" అన్నాను. "నా దగ్గరే ఉంది. దాంతోపాటు ఇంకో రెండు ఉన్నాయి. ముగ్గురు చెప్పారు, ముగ్గురివీ నిజాలే. ఇందులో ఆమెది ఏదో నాకు తెలియట్లేదు. పోగొట్టింది నేను సార్, ఆమె కాదు."

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. వకీలు కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరేం అనుకుంటున్నాడో, ఇదంతా రేపు ఎటు పోతుందో నాకేం తోచడం లేదు. మీసాలాయన నా మాట మొత్తం విని, తల పంకించి, ఆమెకు చెప్పబోయేముందు గ్లాసు అందుకున్నాడు. తాగండి. నెమ్మదిగా తాగండి సార్, గ్లాసంతా తాగండి, ఇంకో గ్లాసు తెప్పించుకుని తాగండి. ఆయన ఇంకా గొంతు సవరించుకోలేదు. ఆమె నన్నే చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉంది.